అరువు తెచ్చిన నిశ్శబ్దం

"కోసింది నువ్వేనా?"

"నేనేనంటే మీ పని అయిపోతుందా సార్?" అంది ఇంజినీరు అమ్మాయి.

"అవదు. ఎవరు కొయ్యమన్నారో కూడా చెప్పాలి."

"అంత పనుంటే నేను కాదులెండి."

రేడియో స్టేషన్ కంట్రోల్ రూములో మేమిద్దరమే ఉన్నాం. ఆమె హెడ్‌ఫోన్ వైరు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ మీటర్ల వంకే చూస్తోంది. నా మొహం చూడలేదు. ఆ మాటకొస్తే ఆ పొద్దున ఆ స్టేషన్లో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. రిసెప్షన్లో ఆవిడ నేను నోరు తెరిచేలోపే లోపలికి చెయ్యి చూపించి సొరుగులో ఏదో వెతుక్కుంది. వరండాలో మాట్లాడుకుంటున్న ఇద్దరు న్యూస్ రీడర్లు నన్ను చూడగానే గోడకున్న మంటలార్పే సిలిండర్ మీద రాసింది చదవడం మొదలుపెట్టారు. ప్రైవేటు డిటెక్టివ్‌గా చాలామంది దొంగల్ని కూర్చోబెట్టి అడిగాను. దొంగ నా కళ్ళలోకి చూసి మరీ అబద్ధమాడతాడు. వీళ్ళు ఏదీ దొంగిలించలేదు, అయినా తలలు లేవడం లేదు.

జరిగింది చిన్న విషయమే. మొన్న పొద్దున ఎనిమిది గంటల ప్రోగ్రాంలో ఒక రిపోర్టు వచ్చింది. పోయినేడాది దాకా రేడియోలకి, పత్రికలకి లైసెన్సు ఇచ్చేది ఒక ఆఫీసు, తప్పు రాస్తే జరిమానా వేసేది ఇంకొకటి, చిన్నవాళ్ళు బతకడానికి గ్రాంటు ఇచ్చేది మూడోది. ఇప్పుడు మూడూ కలిపి ఒకే మీడియా మండలి చేశారు. అలా చెయ్యడం మంచిదా కాదా అన్నదే రిపోర్టు. మండలిలో పనిచేసి రిటైరైన టైపిస్టమ్మ ఒకావిడ సొంత గొంతుతో, సొంత పేరుతో మాట్లాడింది. ఆవిడ అన్నది ఇదీ:

"లైసెన్సు ఫైలూ గ్రాంటు ఫైలూ ఒకే టేబుల్ మీద ఉంటాయి. మాకు నచ్చని వార్త వేస్తే రెండూ ఒకేసారి కింద సొరుగులోకి పోతాయి. నోరు మూసుకున్నవాళ్ళకి మాత్రం పని త్వరగా అవుతుంది."

జనం విన్నది ఇదీ:

"లైసెన్సు ఫైలూ గ్రాంటు ఫైలూ ఒకే టేబుల్ మీద ఉంటాయి. పని త్వరగా అవుతుంది."

మధ్యాహ్నానికల్లా "నీకెంత ముట్టిందే అమ్మా" అని ఆవిణ్ణి సొంత కొడుకే అడిగాడట. అప్పట్నుంచి ఆవిడ తలుపు తియ్యడం లేదు.

మండలి భయపెట్టి కోయించిందని బయట గోల మొదలైంది. దాని మీద ఎంక్వయిరీ వేశారు. వేసింది మండలే. చేసేది కూడా మండలి ఆఫీసరే. సాయంత్రం నాలుక్కి ఎంక్వయిరీ ముగుస్తుంది. కోసింది ఇంజినీరు అమ్మాయేనని తేలితే మండలి ఇచ్చిన ఆమె పని కార్డు రద్దు చేస్తారు. కార్డు లేకపోతే ఏ స్టేషన్లోనూ మైకు ముట్టుకోనివ్వరు. ఆమెకి వేరే పని రాదు.

అసలు ఎవరు కోశారో కనిపెట్టమని నన్ను పెట్టింది ఆ స్టేషన్ ఎడిటర్, మా బావ, అంటే సొంత అక్క మొగుడు. "ఆ పిల్ల చేసిందంటే నమ్మబుద్ధి కావట్లేదురా. నాలుగు లోపల తేల్చు" అన్నాడు. ఆ మాట నాతో కాకుండా బల్ల మీదున్న గాజు గ్లాసుతో అన్నాడు.

"పాస్‌వర్డులు ఎవరెవరి దగ్గరున్నాయి?" అని అడిగాను ఆ అమ్మాయిని.

"నా దగ్గర, ఎడిటర్ గారి దగ్గర. ముందురోజు సాయంత్రం నేను ఫైలు సిద్ధం చేసి పెడతాను. ఆయన రాత్రి ఇంట్లో లాప్‌టాప్‌లో ఓసారి వింటారు. పొద్దున అదే ఫైలు గాల్లోకి వెళ్తుంది."

"ఆయనకి కొయ్యడం వచ్చా?"

"వాల్యూం పెంచాలన్నా నన్నే పిలుస్తారు. పైగా ఆయనకి ఎడమ చెవి వినపడదు కదా."

అది నిజమే. రేడియో ఎడిటర్‌కి ఒక చెవి పనిచెయ్యదని మా ఇంట్లో చాలాకాలంగా నవ్వుకుంటాం.

"అంటే రెండు పాస్‌వర్డులు. ఒకరికి పని రాదు. మిగిలింది నువ్వు."

"మండలి ఆఫీసర్ గారు కూడా ఇదే లెక్క చెప్పారు. మీకూ ఆయనకీ తేడా ఏంటి సార్?"

"ఆయనకి జీతం టైముకొస్తుంది. ఆ ముక్క వినిపించు."

వినిపించింది. మళ్ళీ వినిపించమన్నాను. 'టేబుల్ మీద ఉంటాయి' అన్నాక కొంచెం ఖాళీ. ఆ తర్వాత టైపిస్టమ్మ ఊపిరి తీసుకుని 'పని త్వరగా అవుతుంది' అంటుంది. కోసిన జాడే లేదు. ఒక మనిషి ఆలోచించుకుని మాట్లాడినట్టుంది.

"ఆ మధ్యలో ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది? కోస్తే రెండు ముక్కలూ పక్కపక్కనే అతుక్కోవాలిగా."

"అలా అతికిస్తే మాట ఎగిరిపడినట్టుంటుంది. అందుకే ఇంటర్వ్యూ అయ్యాక కాసేపు ఎవర్నీ మాట్లాడనివ్వకుండా గది నిశ్శబ్దం రికార్డు చేసుకుంటాం. ప్రతి గదికీ ఒక నిశ్శబ్దం ఉంటుంది సార్. గోడలది, కిటికీది, లైటుది. కోసినచోట అది పెట్టి అతుకేస్తాం."

"అయితే ఇది టైపిస్టమ్మ ఇంటి నిశ్శబ్దమా?"

వేలికి చుట్టుకుంటున్న వైరు ఆగిపోయింది.

"కాదు."

"ఎందుకు కాదు?"

"అది నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. సిస్టంలోకి ఎక్కించలేదు. కోసినవాళ్ళకి అది దొరకదు. ఎక్కణ్ణుంచో అరువు తెచ్చుకుని ఉంటారు."

"ఎక్కణ్ణుంచి?"

"తెలీదు" అంది. అడిగిన ప్రతి దానికీ ఓ విసురు విసిరిన పిల్ల ఈ ఒక్కదానికి మాత్రం పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఈ సంగతి ఎంక్వయిరీలో చెప్పావా?"

"లేదు."

"నీ మెడ మీద కత్తి పెట్టుకుని, దాన్ని తప్పించే మాట నోట్లో దాచుకున్నావా?"

నేను హెడ్‌ఫోన్ తీసుకుని చెవులకి పెట్టుకున్నాను. "ఆ ఖాళీ ఒక్కటీ పెద్దగా పెట్టి, తిప్పి తిప్పి వినిపించు" అన్నాను.

మొదట హోరు తప్ప ఏమీ తెలియలేదు. తర్వాత ఆ హోరు అడుగున ఒకటి దొరికింది. మెత్తగా ఓ దెబ్బ. వెంటనే బియ్యం బస్తా దించి ఊపిరి వదిలినట్టు బుస్సుమని గాలి. కాసేపు ఆగి మళ్ళీ మెత్తని దెబ్బ.

ఆ చప్పుడు పక్కన ప్రతి ఆదివారం మధ్యాహ్నం కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అది మా అక్క మంచం తలవైపు ఉండే ఆక్సిజన్ మిషన్. ఏడాదిన్నరగా ఆ మిషనే ఆమెకి ఊపిరి.

హెడ్‌ఫోన్ తీశాను. ఆ అమ్మాయి అప్పుడు, మొదటిసారి, నా మొహంలోకి చూసింది. ఆమెకి తెలుసు. నాకు తెలిసిపోయిందని కూడా తెలుసు. ఇద్దరం ఒకేసారి తల దించుకున్నాం.

"ఏమండీ, ఏం వినపడింది?"

తలుపు దగ్గర మండలి ఆఫీసర్ నిలబడి ఉన్నాడు. స్టేషన్లో అందరూ రెండు పెన్నులాయన అంటారు. జేబులో ఒక ఎర్ర పెన్ను, ఒక పచ్చ పెన్ను. ఎర్రదానితో జరిమానా వేస్తాడు, పచ్చదానితో గ్రాంటు ఇస్తాడు. ఏ పెన్ను తీస్తాడోనని ఎదుటివాళ్ళు జేబు వంక చూస్తూ మాట్లాడతారు.

"ఏసీ చప్పుడు" అన్నాను.

ముప్పై ఏళ్ళుగా ఇతరుల అబద్ధాలు పట్టుకుని అన్నం తింటున్నవాణ్ణి. ఆ ఒక్క మాటకి నాకే తల కొట్టేసినట్టయింది.

"ఆవిడ ఇంట్లో ఏసీ లేదు. నేను వెళ్ళి చూశాను."

"అయితే ఫ్యానేమో."

"మీరు ఎంతవరకు చదువుకున్నారు?"

"అవతలివాడు రాసిన కాగితం చదివేంత."

"సరే, ఇది చదవండి" అంటూ ఒక టైపు కాగితం ఆ అమ్మాయి ముందు పెట్టాడు. కోసింది తనేనని, ఎవరి ఒత్తిడీ లేదని అందులో ఉంది. "ఇష్టపడి సంతకం చేస్తే కార్డు సంగతి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూస్తాం. నాలుగింటికి మేం తేల్చామంటే ఇక ఎప్పటికీ రాదు. ఆలోచించుకో తల్లీ."

తల్లీ అన్న మాట అంత చల్లగా వినడం నాకు అదే మొదలు.

"మీకో ప్రశ్న. ఈ స్టేషన్ లైసెన్సు రెన్యువల్ ఎవరి టేబుల్ మీదుంది?" అని అడిగాను.

"నా టేబుల్ మీద."

"గ్రాంటు?"

"అదీ నాదే."

"జరిమానా వేసేది?"

"అవసరమైతే నేనే."

"మీరు భయపెట్టారా లేదా అని తేల్చేది?"

"అదీ నేనే. సంబంధం లేనివాళ్ళకి ఇస్తే విషయం అర్థం కావద్దూ?" వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. "మీరు అనుకునేది నాకు తెలుసు. ఈ స్టేషన్ ఫోన్లన్నీ తీయించి చూసుకోండి. మండలి నుంచి ఒక్క ఫోన్ వచ్చిందని చూపించండి, ఈ రెండు పెన్నులూ మీ చేతిలో పెట్టి ఇంటికిపోతాను. మేం ఎవరికీ ఎప్పుడూ ఫోన్ చెయ్యం."

"చెయ్యాల్సిన అవసరం లేదు కాబట్టి."

"అది మా తప్పా?" అన్నాడు.

నేను హెడ్‌ఫోన్ బల్ల మీద పెట్టాను.

వరండాలోకి రాగానే ఆ అమ్మాయి వెనకే వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "మీరెక్కడికి వెళ్తున్నారో తెలుసు సార్. వెళ్ళకండి. ఆ అతుకు మొదటిసారి విన్నప్పుడే పోల్చుకున్నాను. మాట ముందు ఊపిరిని అలా మిగిల్చి కోసేవాళ్ళు నాకు తెలిసి ఒక్కరే. మీ అక్కగారే నాకీ పని నేర్పింది."

"నేను వచ్చేదాకా సంతకం పెట్టకు" అన్నాను.

ఆమె ఔననలేదు.

*

మా అక్కావాళ్ళ గేటుకి నూనె వేసి ఎన్నాళ్ళయిందో. తోస్తే వీధి చివరిదాకా వినపడేలా కిర్రుమంటుంది. లోపల బావ సింకు దగ్గర నిలబడి అప్పటికే కడిగేసిన కంచాన్ని మళ్ళీ కడుగుతున్నాడు. మధ్యాహ్నం వచ్చి అక్కకి అన్నం పెట్టి వెళ్ళడం ఆయన అలవాటు.

"తేలిందా?" అన్నాడు, కంచం వంక చూస్తూ.

"నీకు పొద్దున్నే తెలుసు కదా బావా."

కుళాయి కట్టలేదు. "ఆ ఖాళీలో ఏముందో నాకు వినపడలేదురా. కానీ మాట పోయిందని తెలిసింది. ఎవరు తీశారో తెలిసింది."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"నువ్వైతే కనిపెడతావని." నీళ్ళు అలాగే పోతున్నాయి. "నా నోటితో నేను చెప్పలేక. ఆ పిల్ల బలైపోతుంటే చూడలేక. రెంటికీ నువ్వు దొరికావు."

కొట్టాలనిపించింది. కుళాయి కట్టేసి ఊరుకున్నాను.

గదిలో అక్క దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉంది. ముక్కుకి సన్నని గొట్టం. తలవైపు మిషన్ మెత్తగా ఓ దెబ్బ, బుస్సుమని గాలి. ఒళ్ళో లాప్‌టాప్. ఆమె ఈ స్టేషన్లో ఇరవై ఏళ్ళకు పైగా శబ్దాలు కోసింది. ఆమె చెవిని తప్పించుకుని ఒక దగ్గు కూడా గాల్లోకి వెళ్ళేది కాదంటారు.

"ఏరా తమ్ముడూ, ఇవాళ ఆదివారం కాదే" అంది.

"నిశ్శబ్దం ఎక్కడ రికార్డు చేశావక్కా?"

మిషన్ రెండుమూడు సార్లు కొట్టుకుంది.

"ఇక్కడే. టైపిస్టమ్మ గది నిశ్శబ్దం ఫైల్లో లేదు. కిటికీలు మూసి, ఊపిరి బిగబట్టి, ఇక్కడే తీసుకున్నాను. నాలుగుసార్లు విన్నాను. శుభ్రంగా ఉందనుకున్నాను. ఏం దొరికింది నీకు?"

నేను మిషన్ వైపు చూశాను.

ఆమె కూడా తల తిప్పి దాన్ని చూసింది, ఎవరో కొత్త మనిషి గదిలోకి వచ్చినట్టు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అది నాకు వినపడటం మానేసి ఎన్నాళ్ళయిందో" అంది.

"ఎవరు చెప్పారు కొయ్యమని? వాళ్ళా? బావా?"

"ఎవరూ చెప్పలేదురా. అదే నా సిగ్గు. ఎవడైనా బెదిరించి ఉంటే, బెదిరిపోయాను అని చెప్పుకునేదాన్ని."

బావ గుమ్మంలో నిలబడి తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "రోజూ విన్నాక లాప్‌టాప్ మూసి పక్కన పెడతాను. ఆ రాత్రి దీని మంచం మీద తెరిచిపెట్టి స్నానానికి వెళ్ళాను. అంతే చేశాను."

"చాలాసేపు స్నానం చేశారు" అంది అక్క.

ఆయన కిందికి చూశాడు.

"రెన్యువల్ వాళ్ళ చేతిలో, గ్రాంటు వాళ్ళ చేతిలో. ఒకటి పోతే ఇంకో చోటికి వెళ్ళి మొరపెట్టుకుందామంటే ఆ ఇంకో చోటు కూడా వాళ్ళదే" అంది అక్క. "ఈయన రాత్రిళ్ళు పైకప్పు చూస్తూ పడుకుంటాడు. రెండు మాటలే కదా అనుకున్నాను. ఎంత బాగా కోశానో అని మురిసిపోయాను కూడా. ఆ టైపిస్టమ్మ ఊపిరి ఒక్కటి కూడా పోనివ్వలేదు. మాట తీసేసి ఊపిరి జాగ్రత్త చేశాను. చూశావా నా బుద్ధి."

"ఆ అమ్మాయి నీ అతుకు పోల్చింది. అందుకే నోరు విప్పడం లేదు."

ఇంతసేపూ తన తప్పు గురించి మాట్లాడుతున్న మనిషికి ఆ పిల్ల తన కోసం మౌనంగా ఉందన్న సంగతి ఇప్పుడే తగిలింది. "నేర్పించినప్పుడు మొదటిరోజే చెప్పాను దానికి. మనిషి మాట అర్థం మారేలా కోస్తే చెయ్యి నరుక్కోవాలని." కళ్ళు తుడుచుకుంది. "టైమెంత?"

"మూడు దాటింది."

"నన్ను నాలుగు లోపల అక్కడికి మొయ్యలేరు మీరు. ఆ మైకు ఇటియ్యి. నా గొంతే వెళ్తుంది."

బావ కదల్లేదు. "ఆ తర్వాత స్టేషన్ ఉండదు" అన్నాడు నెమ్మదిగా. "వాళ్ళు జరిమానా కూడా వెయ్యక్కర్లేదు. రెన్యువల్ మర్చిపోతే చాలు."

"ఆ పిల్ల పని పోతే స్టేషన్ ఉంటుందా? ఉండి ఏం చేస్తుంది, పొద్దున్నే పాటలు వేస్తుందా?"

మైకు తీసి ఆమె చేతిలో నేనే పెట్టాను. రికార్డింగ్ నొక్కింది. ఎర్ర చుక్క వెలిగింది. పేరు చెబుతుందనుకున్నాను. వేలు పెదవుల మీద పెట్టుకుని మమ్మల్ని ఊరుకోమంది. ముందు గది నిశ్శబ్దం తీసుకుంటోంది. ఆ స్థితిలో కూడా పద్ధతి తప్పలేదు. ముగ్గురం కదలకుండా నిలబడ్డాం. మిషన్ ఒక్కటే కొట్టుకుంటోంది.

అప్పుడు బావ జేబులో ఫోన్ మోగింది.

తీసి చూసి నాకు చూపించాడు. రెండు పెన్నులాయన. ఎప్పుడూ ఎవరికీ ఫోన్ చెయ్యని మండలి. బావ వేలు, చెవి సరిగా వినపడని అలవాటు కొద్దీ, స్పీకర్ మీద పడింది.

"ఎడిటర్ గారూ, శుభం" అన్నాడు ఆయన, కారు హోరులోంచి. "ఆ అమ్మాయి సంతకం పెట్టేసింది. మీదొక సంతకం పడితే విషయం ముగిసినట్టే. మీ రెన్యువల్ రేపు వచ్చేస్తుంది, గ్రాంటు కూడా దాంతోపాటే. మీ బావమరిదిని ఇంక తిరగొద్దని చెప్పండి."

అక్క ఒళ్ళో ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. బావ దానివైపు చెయ్యి చాపాడు. ఆపడానికే చాపాడు. నేను మణికట్టు పట్టుకునేలోపే ఆ చెయ్యి తనంతట తనే మధ్యలో ఆగి, వెనక్కి వెళ్ళిపోయింది.

"అలాగేనండీ" అనబోయి నీళ్ళు నమిలాడు.

"అక్కడ ఆ చప్పుడేంటండీ?" అన్నాడు ఫోన్లో ఆయన, గొంతు మార్చి. "ఆ కొట్టుకుంటున్నది. మీ బావమరిది వెళ్ళాక మీ కంట్రోల్ రూములో నేనూ హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను, ఇదే..."

ముగ్గురం మిషన్ వైపు చూశాం. అది ఆపడానికి వీలున్న మిషన్ కాదు.

అక్క ఫోన్ కోసం చెయ్యి చాపింది. బావ ఇచ్చేశాడు.

"అది నా ఊపిరండీ" అంది, ఒక్కో మాటా విడిగా. "ఆ రెండు మాటలు కోసింది నేను. మీరిప్పుడు అన్నదంతా రికార్డయింది. నా నిశ్శబ్దంలో వచ్చి పడ్డారు మీరు. ఆ పిల్ల సంతకం పెట్టిన కాగితం చింపెయ్యండి."

అవతల మాట లేదు. ఫోన్ పెట్టెయ్యలేదు కూడా. అక్క మళ్ళీ వేలు పెదవుల మీద పెట్టుకుంది, ఆయన నిశ్శబ్దం కూడా రానివ్వమన్నట్టు.

అందులో, ముందు ఒక కారు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత అడుగులు. ఆ తర్వాత ఒక గేటు కిర్రుమంది.

అదే కిర్రు, అదే క్షణంలో, అక్కావాళ్ళ గేటు వైపు నుంచి కూడా వచ్చింది.